కిడ్నీ ఇవ్వడమా, జీవన్‌దాన్ వరుసలో వేచి ఉండడమా?

అన్నకో, భర్తకో రెండు కిడ్నీలూ పాడైనప్పుడు ఇంట్లోవారి ముందు రెండు దారులుంటాయి: తమలో ఒకరు కిడ్నీ ఇవ్వడం, లేదా ప్రభుత్వ అవయవదాన పథకమైన జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించి, బ్రెయిన్ డెడ్ అయిన దాత కిడ్నీ కోసం ఎదురుచూడడం.

ఎదురుచూస్తే ఇంట్లో మరొకరికి ఆపరేషన్ అవసరం రాదు. కానీ వారానికి మూడుసార్లు, దాదాపు నాలుగేసి గంటలు డయాలసిస్ యంత్రం పక్కన పడుకునే మనిషి, దాహమేసినా నీళ్లు కొలుచుకుని తాగాలి. డయాలసిస్ కోసం ముంజేతిలో రక్తనాళాలను కలిపి చేసిన ఫిస్టులా మీద వేలు పెడితే రక్తం జుమ్మని కదలడం తెలుస్తుంది. పిలుపు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు.

బతికున్న దాత కిడ్నీ సాధారణంగా ఎక్కువ ఏళ్లు పనిచేస్తుంది. దాత కొద్ది రోజుల్లోనే ఇంటికి రావచ్చు గాని, నెల నుంచి నెలన్నర వరకు బరువులెత్తకూడదు. మిగిలిన కిడ్నీ కొంత పెరిగి అదనపు పనిని చాలావరకు అందుకుంటుంది; అయినా బీపీ, మూత్రంలో ప్రోటీన్ ఏటా చూపించుకోవడం జీవితాంతం తప్పదు. ప్రాణాపాయం చాలా అరుదే, సున్నా మాత్రం కాదు. కిడ్నీ జబ్బు ఊళ్లను పీడిస్తున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వంటి చోట దాతకు పరీక్షలు మరింత నిశితంగా జరగాలి.

రక్తం గ్రూపు కలవకపోతే, కేంద్ర అవయవ మార్పిడి చట్టానికి 2011లో చేసిన సవరణ ప్రకారం రెండు కుటుంబాలు తమ దగ్గరి బంధువులైన దాతలను మార్చుకోవచ్చు.

ఆరోగ్యవంతులు మనస్ఫూర్తిగా ముందుకొస్తే ఇవ్వడమే మేలని నా అభిప్రాయం. అయితే భార్యో తల్లో ఇంటి ఒత్తిడికి తలూపితే అది ఒప్పుకోలు కాదు. డాక్టరును ఒంటరిగా కలిసి వద్దనే హక్కు ఆమెకు ఆపరేషన్ ముందు వరకూ ఉంటుంది.