డక్టెడ్ ఏసీ: ఏఎంసీ తీసుకోవాలా, చెడినప్పుడు మెకానిక్‌ని పిలవాలా?

మాది చెన్నై బీసెంట్ నగర్. సముద్రం దగ్గరే. ఇల్లంతటికీ ఒకే డక్టెడ్ ఏసీ, అంటే సీలింగ్ పైన గొట్టాల ద్వారా అన్ని గదులకూ చల్లగాలి పంపేది. మొదట మూడేళ్లు చెడినప్పుడే మెకానిక్‌ని పిలిచాం, రెండేళ్లుగా ఏఎంసీలో, అంటే ఏడాది సర్వీసు ఒప్పందంలో, ఉన్నాం.

పిలిచి చేయించుకుంటే పని జరిగినప్పుడే ఖర్చు. చిక్కంతా మే నెల కత్తిరి ఎండల్లోనే. ఊరంతా ఏసీలు ఒకేసారి మొరాయిస్తాయి, మెకానిక్ దొరకడు. ఒకసారి మా హాల్లో ఫాల్స్ సీలింగ్ మీద పళ్లెమంత పసుపు మరక తేలింది. ఏసీ నీళ్లు బయటికి పోయే డ్రెయిన్ పైపులో పాచి పేరుకుని, ట్రే పొంగి నీళ్లు దిగాయి. వచ్చినతను పైపు సంగతి చూడకుండా గ్యాస్ తగ్గిందని నింపి వెళ్లాడు. గ్యాస్ పెట్రోలులా వాడకంలో ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకుంది. అది వెతకకుండా నింపితే ఆ డబ్బు గాలికి పోయినట్టే.

ఏఎంసీలో మాకు ఏడాదికి మూడు సర్వీసులు. కాయిల్ కడుగుతారు, డ్రెయిన్ ఊదుతారు, బ్లోయర్ చూస్తారు. ఉప్పుగాలికి బయటి యూనిట్ అల్యూమినియం రెక్కలు తెల్లగా పొడి రాలుతుంటాయి కాబట్టి దాన్ని మంచినీళ్లతో కడిగించడమే మాకు పెద్ద లాభం. సంతకం పెట్టేముందు కంప్రెసర్, పీసీబీ (ఏసీని నడిపే సర్క్యూట్ బోర్డు), గ్యాస్ ఆ ఒప్పందంలో ఉన్నాయో లేదో చదవండి. చాలా వాటిలో ఉండవు.

ఫిల్టర్ మాత్రం ఎలాగైనా మనమే నెలకోసారి కడుక్కోవాలి.

తీరం దగ్గరైతే ఏఎంసీయే నా ఓటు. వారంటీలో ఉన్న కొత్త మెషీన్‌కైతే వేసవికి ముందు, ఫిబ్రవరిలో, ఒక్క మంచి సర్వీసు చాలు.