ఆరేళ్లుగా హోండా జాజ్‌తో: వెనక సీటు కోసమే అయినా తీసుకోవచ్చు

దూరప్రయాణాలకు చిన్న కారు చూసేవాళ్లు షోరూంలో నేరుగా డ్రైవరు సీట్లో కూర్చుంటారు. నా మాట విని, ముందు వెనక్కి వెళ్లి కూర్చోండి. హైదరాబాద్ నుంచి విశాఖ 600 పైచిలుకు కిలోమీటర్లు. నడిపేవాళ్లకు రోడ్డు ధ్యాసలో అలసట తెలియదు, వెనకున్న పెద్దవాళ్లకు సూర్యాపేట రాకముందే మోకాళ్లు పట్టేస్తాయి. జాజ్‌లో ఆ బాధ లేదు. 2016 మోడల్ పెట్రోల్ మాన్యువల్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని ఆరేళ్లయింది. ఇన్నాళ్లూ బండిని మార్చబుద్ధి కాకపోవడానికి ఆ ఒక్క సీటే కారణం.

చాలా చిన్న కార్లలో పెట్రోలు ట్యాంకు వెనక సీటు కింద ఉంటుంది. జాజ్‌లో ముందు సీట్ల కింద పెట్టారు. దాంతో వెనక కాళ్లు పెట్టుకునే అడుగు బాగా కిందికి దిగింది, మధ్యలో గుట్టలా లేచే భాగం కూడా దాదాపు లేదు. పాదాలు నేలకు ఆనినా తొడలు సీటు మీదే ఆనుకుని ఉంటాయి. మోకాళ్లు కడుపు దగ్గరికి ముడుచుకోవు. ఆరు గంటల ప్రయాణంలో నడుముని కాపాడేది మెత్తదనం కాదు, ఇదే.

ఏ కారు చూసినా ఇలా పరీక్షించండి. డ్రైవరు సీటు మీ ఎత్తుకు సరిచేసుకుని, అదే సీటు వెనక మీరే కూర్చోండి. మోకాలికి, ముందు సీటుకు మధ్య పిడికిలి పట్టాలి. తొడ కింద అరచెయ్యి దూర్చి చూడండి, సులువుగా లోపలికి పోయిందంటే ఆ సీటు మీకు చిన్నదే. ఇరవై నిమిషాలు కూర్చోకుండా లేవద్దు.

కొన్ని వేరియంట్లలో ఈ సీటు అడుగుభాగం సినిమాహాలు కుర్చీలా పైకి లేస్తుంది. లేపితే ముందు సీటు వెనక నిలువుగా ఖాళీ దొరుకుతుంది. ఆవకాయ జాడీ వాసెన కట్టినట్టే నిటారుగా నిలబడి ఊరు చేరుతుంది, చుక్క నూనె కారదు. ఈ సదుపాయం అన్నిటికీ లేదు కాబట్టి పాతది కొనేటప్పుడు అమ్మేవాళ్ల మాట మీద ఉండకుండా చేత్తో ఎత్తి చూసుకోండి.

ఇక దారిలో ఆగిపోయిన సంగతి. ఈ ఆరేళ్లలో అదొక్కసారే. మే నెల మధ్యాహ్నం, చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర క్యూలో ఏసీ గాలి వేడెక్కింది. నిమిషం తిరక్కుండానే మీటర్లో ఎర్ర థర్మామీటరు గుర్తు మిణుకుమిణుకుమంది. ఈ బండిలో ఉష్ణోగ్రత ముల్లు ఉండదు. ఇంజను చల్లగా ఉంటే నీలం దీపం, మితిమీరి వేడెక్కితే ఎర్ర దీపం, అంతే. ఎర్రది మిణుకుతున్నంతసేపూ హెచ్చరిక, నిలిచి వెలిగితే ఇంజను ఆపేయాల్సిందే.

ఏసీ ఆపి, హీటరు పూర్తి వేడిమీద, ఫ్యాను ఫుల్లుగా పెడితే దీపం ఆరింది. హీటరు కూడా ఓ చిన్న రేడియేటరే, ఇంజను వేడిని కొంత లోపలికి లాగేస్తుంది. టోల్ దాటాక మళ్లీ వెలిగింది. పక్కకు తీసి ఇంజను ఆపి, బానెట్ ఎత్తి నలభై నిమిషాలు వదిలేశాం. వేడిమీద రేడియేటరు మూత తీస్తే మరిగే నీళ్లు ముఖాన కొడతాయి, కాగుతున్న ఇంజనులో చన్నీళ్లు పోస్తే లోహం పగలొచ్చు. చల్లారాక మందపాటి గుడ్డ వేసి మూత నెమ్మదిగా తిప్పితే లోపల కూలెంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం) బాగా తగ్గిపోయి ఉంది. తాగే నీళ్లు లీటరున్నర పట్టాయి. వాటితోనే మెల్లగా జగ్గయ్యపేట చేరింది బండి.

అక్కడి మెకానిక్ టార్చి వేసి చూపించాడు. రేడియేటరు పైభాగపు హోస్ (రబ్బరు గొట్టం) మూతి చుట్టూ తెల్లటి పొలుసు గట్టిపడి ఉంది, అంటే ఎన్నాళ్లనుంచో కొంచెం కొంచెం కారి ఆరిపోతోంది. తప్పు కంపెనీది కాదు. రెండు నెలల కిందట ఓ గ్యారేజీలో హోస్ విప్పినప్పుడు దాన్ని బిగించి పట్టే అసలు స్ప్రింగు క్లాంప్ తీసేసి స్క్రూ క్లాంప్ వేశారు. రబ్బరు హోస్ వేడికి ఉబ్బుతుంది, చల్లారితే కుదించుకుంటుంది. స్ప్రింగు దాంతోపాటే సర్దుకుని ఎప్పుడూ ఒకే బిగువు పడుతుంది. స్క్రూ ఒకసారి ఎంత బిగిస్తే అంతే, రోజులు గడిచేకొద్దీ సందు పడుతుంది. ఆ సందుతో కూలెంట్ తగ్గుతుంది, పీడనమూ నిలవదు. పీడనం లేకపోతే కూలెంట్ ముందే మరిగిపోతుంది.

స్ప్రింగు క్లాంప్ వేయించి, నీళ్లన్నీ దించి, హోండా టైప్ 2 నీలం కూలెంట్ నింపాం. అది ముందే కలిపి వస్తుంది, నీళ్లు కలపకూడదు. మూత తెరిచి ఇంజను ఐడిల్‌లో (యాక్సిలరేటరు తొక్కకుండా) ఉంచి, రేడియేటరు ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా బుడగలు పోనివ్వాలి. తర్వాత వారం రోజులు ఆయిల్ మూత కింద పాల టీ రంగు జిగురు పట్టిందా, సైలెన్సర్లో ఆగని తెల్ల పొగ ఉందా, కూలెంట్ తగ్గుతోందా అని చూశాం. ఏదీ లేదు, హెడ్ గ్యాస్కెట్ (ఇంజను పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) బతికింది. ఇప్పుడు దూరం వెళ్లేటప్పుడు ఓబీడీ సాకెట్లో (మెకానిక్‌లు ఇంజను వివరాలు చదివే సాకెట్) బ్లూటూత్ అడాప్టరు పెట్టి, ఇంజను వేడిని ఫోన్లో అంకెల్లోనే చూస్తున్నాం.

వెనక సీటుని ఇంత మెచ్చుకున్నాను కానీ, అది ఇద్దరికి. ముగ్గురైతే రెండు వందల కిలోమీటర్లకే భుజాలు ఒరుసుకుంటాయి. వెనక్కి ఏసీ వెంట్లు లేవు. మే ఎండలో వెనక చల్లబడటానికి పావుగంట పడుతుంది. మధ్య వెంట్లు రెండూ కప్పు వైపు తిప్పి, రీసర్క్యులేషన్ (లోపలి గాలినే తిప్పే మీట) పెట్టి, వెనక అద్దాలకు తెరలు కడితే కొంత నయం. నిండా మనుషులు, సామాను ఉంటే లారీని దాటేటప్పుడు ఐదో గేరులో లాభం లేదు, మూడుకు దిగాలి. టైర్లలో గాలి డ్రైవరు డోరు దగ్గరి స్టిక్కరు ప్రకారం, టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొట్టించాలి. పెట్రోలు బంకుల్లో అడక్కుండానే ఎక్కువ కొడతారు, అప్పుడు రోడ్డు మీది ప్రతి అతుకూ వెన్నులో తెలుస్తుంది.

జాజ్ అమ్మకాలు మన దేశంలో 2023లో ఆగిపోయాయి, కాబట్టి ఇప్పుడు పాతదే దిక్కు. 1.2 పెట్రోల్ ఇంజను హోండా మరో కారు అమేజ్‌లోనూ ఉంది కనుక ఇంజను సామాను బెంగ లేదు. బంపర్లు, లైట్లు మాత్రం జాజ్‌వే, కొనేముందు మీ ఊళ్లో దొరుకుతాయో లేదో అడగండి. మా ఇంట్లో నలుగురే, ఏడాదికి నాలుగైదు దూరప్రయాణాలు, అన్నీ మైదానపు హైవేలే. ఘాట్ రోడ్లు ఎక్కువగా ఎక్కేవాళ్లకూ ఐదుగురు పెద్దవాళ్లుండే ఇంటికీ ఇదే తీసుకోమని గట్టిగా చెప్పలేను. చూడటానికి వెళ్తే మాత్రం టార్చి తీసుకెళ్లి, ఇంజను చల్లగా ఉండగా హోస్ క్లాంపులు స్ప్రింగువో స్క్రూవో చూసి రండి.