గోడల గోడు: వేడి తీగ కట్టర్‌తో మూడేళ్లు

ఈ మెషీన్ మీద నా కోపమంతా అందులో లేని ఒక స్ప్రింగ్ గురించే. బాల్‌పెన్ను విప్పితే రీఫిల్ చుట్టూ ఉంటుందే, అంత స్ప్రింగ్. తయారుచేసినవాళ్ల పేరు రాయను. ఇదే బొమ్మ ఆన్‌లైన్లో రకరకాల పేర్లతో అమ్ముడవుతోంది కాబట్టి, రాసినా మీకు పెద్దగా ఉపయోగం ఉండదు. చిన్న బల్ల, పైన ఒక చేయి, ఆ చేతి నుంచి బల్ల కిందికి నిటారుగా దిగే తీగ, పక్కన వేడి పెంచే నాబ్. తీగ కాగి, ఫోమ్‌ని కరిగిస్తూ కోస్తుంది. ఫోమ్‌తో కొంపలు కట్టే అలవాటున్నవాళ్లకి ఇంతకన్నా వర్ణన అక్కర్లేదు.

మూడేళ్ల కిందట రెండున్నర వేలు పెట్టి కొన్నాను. మొదటి నెలలో దీన్ని నేను ఎంత పొగిడానో బల్ల మీద బొమ్మ సైనికులతో యుద్ధాలు ఆడే మా ఆదివారం బ్యాచ్‌కి ఇంకా గుర్తుంది. "కత్తులు పారేయండి" అన్నాను. నా మాట నమ్మి ఇద్దరు కొన్నారు. అందులో ఒకాయన దాన్ని అటకెక్కించేశారు. ఇది ఒకరకంగా ఆయనకి నేను బాకీపడ్డ సంజాయిషీ కూడా.

మేం ఎక్కువగా ఆడేది 1942 నాటి స్తాలిన్‌గ్రాద్. సైనికులు 28 మిల్లీమీటర్ల సైజు, అంటే అసలు మనిషిలో ఇంచుమించు 56వ వంతు. ఆ ఊళ్లో, సోవియట్ సైనికులు పట్టువిడవకుండా కాపాడుకున్న పావ్‌లోవ్ ఇంటికి దగ్గర్లోనే ఎర్ర ఇటుకల పిండి మిల్లు ఒకటుంది. యుద్ధం అయ్యాక చుట్టూ ఊరంతా మళ్లీ కట్టుకున్నారు గానీ దాన్ని మాత్రం దెబ్బలు తిన్న రూపంలోనే స్మారకంగా వదిలేశారు. ఇవాళ్టికీ, వోల్గోగ్రాద్ అని పేరు మారిన ఆ ఊళ్లో అది కిటికీలన్నీ బొక్కలై అలాగే నిలబడి ఉంది. శిథిలాలు కట్టే సరదా ఉన్నవాడెవడైనా ఆ మిల్లు ఫొటో చూశాక చేతులు కట్టుకుని కూర్చోలేడు. నేనూ కూర్చోలేదు.

ఫోమ్ సంగతి. థర్మాకోల్ కాదు, దానికి అన్నలాంటి ఎక్స్‌పీఎస్. మేడ మీద ఎండ వేడి దిగకుండా స్లాబు మీద పరుస్తారు చూడండి, అది. థర్మాకోల్‌లా పూసలు రాలవు, అణిచినచోట అణిగి అలాగే ఉండిపోతుంది. రాణిగంజ్‌లో ఒక షాపాయన బండిలైతేనే ఇస్తానని భీష్మించుకున్నాడు. మూడోసారి వెళ్లేసరికి జాలిపడి మూలలు విరిగిన రెండు షీట్లు ఇచ్చాడు. "మేడ ఎంత ఉంటుంది సార్?" అని అడిగితే జానెడు చూపించాను. ఆ తర్వాత ఆయన ఇంకేమీ అడగలేదు.

రష్యా ఇటుక 250 మిల్లీమీటర్ల పొడవు, 120 వెడల్పు, 65 ఎత్తు. 56తో భాగిస్తే నాలుగున్నర మిల్లీమీటర్ల పొడవు, మిల్లీమీటరు చిల్లర ఎత్తు. మొత్తం గోడని అలాంటి ఇటుకలతో పేర్చేంత పిచ్చి నాకింకా ముదరలేదు. గోడ మీద రీఫిల్ అయిపోయిన పెన్నుతో వరసలు గీసుకుని, కూలిన అంచుల దగ్గర మాత్రం విడి ఇటుకలు అతికిస్తాను. అన్ని అంతస్తులూ కడితే బల్ల మీద సైన్యానికి చోటుండదు కాబట్టి మిల్లుని మూడంతస్తులకి కుదించాను. ఒక్కో అంతస్తు 8 సెంటీమీటర్లు, దేనికది ఊడివచ్చేలా. లెక్క ప్రకారం కొంచెం ఎక్కువే గానీ, లోపల నిలబెట్టిన సైనికుణ్ని రెండు వేళ్లతో ఎత్తాలంటే ఆ మాత్రం జాగా కావాలి.

గోడలకి 8 మిల్లీమీటర్ల పలకలు కోశాను. ఇక్కడిదాకా మెషీన్ బంగారం. గైడ్ పట్టీకి ఆనించి తోసుకుంటూ పోతే వెన్నలో దారం దిగినట్టే. కిటికీలకి వచ్చేసరికి నాకో తెలివైన ఆలోచన వచ్చింది. అసలు ముప్పు అదే తెచ్చింది. ఒక్కో పలకకీ విడిగా కిటికీలు కోసే బదులు ఆరు పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి, టూత్‌పిక్కులు గుచ్చి కదలకుండా చేసి, ఒకేసారి కోద్దామనుకున్నాను. పై అంచు నుంచి గాడిలా లోపలికి వెళ్లి, మలుపు తిప్పి, ఇంకో మలుపు తిప్పి బయటికి వచ్చేయడం. తర్వాత పైన లింటెల్ పట్టీ అతికిస్తే కిటికీ తయారు. మూడంతస్తుల్లోనూ కిటికీలు ఒకే తూకంలో రావాలంటే ఇంతకన్నా మంచి పద్ధతి ఏముంటుంది?

రెండు రాత్రులు కూర్చుని అన్నీ కోసేశాను. మూడో రాత్రి పలకలు విడదీసి వరసగా నిలబెట్టాను. అడుగు పలకలో కిటికీ వెడల్పు సరిగ్గా 30 మిల్లీమీటర్లు. అన్నిటికన్నా పైపలకలో 26. మధ్యవి మెట్లు దిగినట్టు 29 నుంచి 27 దాకా. పైగా కిటికీ లోపలి అంచు నిటారుగా లేదు, ఏటవాలుగా ఉంది. మూలలు సబ్బుబిళ్ల మూలల్లా గుండ్రంగా అరిగినట్టున్నాయి. మూలమట్టం పెట్టి చూస్తే అవతలి నుంచి ట్యూబ్‌లైట్ వెలుగు కనిపిస్తోంది.

తప్పు నాదే అనుకున్నాను. చేయి వణికిందేమో, తొందరగా తోశానేమో అని. మళ్లీ ఒక ఆరు పలకలు పేర్చి, ఊపిరి బిగపట్టి, నత్తలా తోశాను. ఈసారి ఇంకో తమాషా. మలుపు దగ్గర తీగ దారికొస్తుందని ఆగితే, ఆగినచోట చుట్టూ కరిగి శనగగింజంత బొక్క పడింది. తోస్తే వాలు, ఆగితే బొక్క. నాబ్ తగ్గించి చూశాను, పెంచి చూశాను. వారం రోజులు మా ఇంట్లో నాతో మాట్లాడిన పుణ్యాత్ములు ఎవరూ లేరు, నేను అంత చిరాగ్గా ఉన్నానన్నమాట.

దొంగని పట్టుకున్నది మా అమ్మాయి. వీణ నేర్చుకుంటోంది, తీగ అనేది ఎక్కడ కనిపించినా మీటకుండా పోదు. స్విచ్ వేయకముందు వేలితో మీటింది. టింగ్‌మని శుభ్రంగా పలికింది. నేను స్విచ్ వేశాక మళ్లీ మీటబోతే అరిచి ఆపాను. ఊరుకోదుగా, నా చేతిలో టూత్‌పిక్ లాక్కుని దాంతో మీటింది. ఈసారి శబ్దమే లేదు, తడిసిన తాడుని కొట్టినట్టు దబ్ మంది.

"నాన్నా, దీనికి శ్రుతి దిగిపోయింది. బిరడా ఎక్కడుంది?"

బిరడా లేదమ్మా. అదే దీని జబ్బు.

ఇందులోది నైక్రోమ్ అనే లోహపు తీగ, వేడెక్కితే సాగుతుంది. సాగేది ఎంతో కాదు. 150 మిల్లీమీటర్ల తీగ 200 డిగ్రీలు వేడెక్కితే సాగేది అర మిల్లీమీటరు లోపే. కానీ రెండు చివర్లూ స్క్రూలతో బిగించేసిన తీగలో ఆ కాస్త సాగుడే మధ్యలో ఐదు మిల్లీమీటర్ల వదులుగా బయటపడుతుంది. దండెం కట్టినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, తాడు బెత్తెడు ఎక్కువైతే బట్టలు నేలని తాకుతాయి. ఫోమ్ తోసేసరికి ఆ వదులు తీగ మధ్యలో ఫోమ్‌తో పాటు వెనక్కి వంగుతుంది. బల్ల దగ్గర తీగ కదలదు కాబట్టి అడుగు పలక సరిగ్గా తెగుతుంది. పైకి పోయేకొద్దీ తీగ వెనకబడుతుంది. అది గీత దాకా రాకముందే నేను మలుపు తిప్పేస్తున్నాను. తిన్నగా చివరిదాకా కోసేటప్పుడు ఈ వెనకబాటు ఎక్కడా కనిపించదు, ఎందుకంటే వెనకబడ్డ తీగ కూడా చివరికి బయటికి వచ్చేస్తుంది. మొదటి నెలంతా నేను తిన్నటి కోతలే కోశాను. ఆ పొగడ్తలన్నీ అప్పటివి.

తీగ వేడిగా ఉన్నప్పుడే స్క్రూ బిగించేద్దాం, సరిపోతుంది కదా అనుకున్నాను. సరిపోయింది, ఒక్క రాత్రికి. స్విచ్ ఆపాక చల్లారి కుంచించుకుపోయి, మర్నాడు స్క్రూ దగ్గర పుటుక్కున తెగింది. కోఠి గుజరాతీ గల్లీలో కొత్త తీగ కొనుక్కుని వచ్చి, స్ప్రింగ్ పెట్టే పని మొదలుపెట్టాను. పై చేతికి ఉన్న రంధ్రంలోంచి తీగని పైకి తీసి, దాని చుట్టూ పెన్ను స్ప్రింగ్ కూర్చోబెట్టి, స్ప్రింగ్ నెత్తిన చిన్న వాషర్ పెట్టి తీగని దానికి ముడేశాను. తీగ సాగితే స్ప్రింగ్ విచ్చుకుని లాగి పట్టుకుంటుంది. మీటితే వేడి మీద కూడా టింగ్‌మంది. ఇంట్లో అందరినీ పిలిచి మీటి వినిపించాను.

నాలుగు రోజులకి మళ్లీ దబ్. ఈసారి స్ప్రింగే మెత్తబడింది. కరెంటు చేతి నుంచి తీగకి స్ప్రింగ్ గుండానే పోతోంది, అదీ కాగి బిగువు పోగొట్టుకుంది. స్ప్రింగ్ మార్చి, చేతి దగ్గర ఒక వైరుకి మొసలి క్లిప్పు తగిలించి, రంధ్రానికి కిందగా తీగకి పట్టించాను. వాషర్ కింద ప్లాస్టిక్ ముక్క పెట్టాను. కరెంటు ఇప్పుడు స్ప్రింగ్‌ని ముట్టుకోకుండా పోతుంది. ఇది జరిగి రెండేళ్లు దాటింది, అదే స్ప్రింగ్ ఇంకా పనిచేస్తోంది. మొత్తం ఖర్చు, తీగ పోను, ముప్పై రూపాయలు ఉండదు. రెండున్నర వేలు తీసుకున్నవాళ్లు ఆ ముప్పై ఎందుకు పెట్టలేదన్నది నాకు ఇప్పటికీ అర్థంకాని సంగతి.

స్ప్రింగ్ పెట్టాక మెషీన్ మారిపోయింది. ఆరు పలకల దొంతరలో అడుగుకీ పైకీ తేడా గోరు పెట్టి చూస్తే గానీ తెలియదు. మరి పాత పొగడ్తలు అలాగే ఉంచుకోవచ్చా అంటే, అన్నీ కాదు. "కత్తులు పారేయండి" అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను. కూలిన గోడ అంచుకి, తుపాకీ గుండు లేపిన పెచ్చుకి ఇప్పటికీ కత్తే. తీగ కోసిన ముఖం మీద సన్నగా కరిగి గట్టిపడ్డ పొర మిగులుతుంది. అల్యూమినియం ఫాయిల్ ఉండ చుట్టి ఒత్తినా రాతి గరుకు దాని మీద సరిగ్గా దిగదు. ముందు గరుకు కాగితంతో ఆ మెరుపు తీయాలి, అదో అదనపు పని. నాబ్ మీద అంకెల్ని నమ్మి లాభం లేదు. నేను ప్రతిసారీ చెత్త ముక్క మీద ఒక కోత కోసి చూసుకుంటాను. కోత వెనక పొగ కనిపిస్తే వేడి ఎక్కువైనట్టే.

పొగంటే గుర్తొచ్చింది. ఆ వాసనని తేలిగ్గా తీసుకోకండి, అందులో స్టైరీన్ ఉంటుంది. మొదట్లో హాల్లోనే కోసేవాణ్ని. ఒకరోజు మా అత్తయ్యగారు గదిలోంచి వచ్చి "ఏదో ప్లాస్టిక్ కాలుతోంది బాబూ, గ్యాస్ చూడు" అన్నారు. అప్పటినుంచి బాల్కనీయే. వానాకాలంలో జల్లు కొడితే ఆ రోజుకి కోత బంద్.

చెడగొట్టిన పలకలు ఓ పద్నాలుగు మిగిలాయి. పారేయబుద్ధి కాలేదు. 1757 జనవరి బొబ్బిలి యుద్ధం కోసం మట్టికోట కడదామని ఎప్పటినుంచో ఉంది. అరిగిన మూలలు, వాలిన అంచులు వాటికి అతికినట్టు సరిపోయాయి. మట్టిగోడకి మూలమట్టంతో కొలిచినంత సూటి అంచు ఉంటే అబద్ధంలా ఉంటుంది. కోట బురుజు ఒకటి అయ్యింది. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులకి ఇంకా రంగు వేయాలి.

కొనమంటారా అని అడిగితే నా పరిస్థితి చెప్తాను, మీరే తేల్చుకోండి. నాకు రాత్రి పది దాటితేగానీ తీరిక దొరకదు. రెండు పడకగదుల ఫ్లాట్, పక్కగదిలో నిద్రపోయేవాళ్లు. రంపం, డ్రిల్లు చేసే రొద ఇది చేయదు, ఇల్లంతా పొట్టు ఎగరదు. నాకు ఆ నిశ్శబ్దం కోసమే ఇది కావాలి. మీకు మేడో షెడ్డో ఉంటే, నెలకో ఇల్లు మాత్రమే కట్టేవాళ్లైతే, స్టీలు స్కేలూ పదునైన కత్తీ చాలు. 15 మిల్లీమీటర్ల సైజులో ఆడేవాళ్లకి పలకల దొంతర అవసరమే తక్కువ, ఈ గొడవ మీకు కనిపించకపోవచ్చు. టంకం పెట్టడం, క్లిప్పులు తగిలించడం అంటే భయమున్నవాళ్లు స్ప్రింగ్ ముందే ఉన్న రకం దొరికితే కాస్త ఎక్కువైనా అదే తీసుకోండి. కొనేముందు మెషీన్ చేతిని పరీక్షగా చూడండి. రెండు వైపులా ఒట్టి స్క్రూలే ఉంటే నేను పడ్డదంతా మీరూ పడతారు. అటకెక్కించిన మిత్రుడికి వచ్చే ఆదివారం నేనే వెళ్లి స్ప్రింగ్ పెట్టిస్తానని మాటిచ్చాను.

మిల్లు పూర్తయి చాలాకాలమైంది. మొదటి విడత పలక ఒకటి ఓపిక లేక అందులోనే వాడేశాను. రెండో అంతస్తు, పడమటి గోడ. జర్మన్ల వైపు ఆడే అతను ప్రతి ఆటలోనూ ఆ గోడ దగ్గరికొచ్చేసరికి, బొమ్మ నుంచి బొమ్మకి చూపు అందుతుందో లేదో తేల్చే దారం లాగి, 30 మిల్లీమీటర్ల కిటికీ అయితే లోపల మెషిన్‌గన్ కనపడేదని, 26 కాబట్టే కనపడటం లేదని నాతో గొడవ పెట్టుకుంటాడు. నేను రష్యా వైపు ఆడతాను కాబట్టి ఆ గోడ మార్చే ఉద్దేశం ప్రస్తుతానికి లేదు.