తయారీ తేదీ చూపించకుండా టైరు అమ్మే సెల్లర్‌తో జాగ్రత్త

కోపం ఇంకా చల్లారలేదు. చెప్పే వరస అటూ ఇటూ అయితే సర్దుకుని చదవండి.

పేరు రాయడం లేదు. బైకుల స్పోర్ట్ టూరింగ్ టైర్లకు (దూర ప్రయాణాలకూ, మలుపుల్లో పట్టుకూ పనికొచ్చే రకం) ఆన్‌లైన్‌లో ఆర్డర్ తీసుకుని, తన దగ్గరే ఫిట్టింగ్ కూడా చేసిపెట్టే ఆ సెల్లర్ ఎవరో మీలో చాలామందికి అర్థమయ్యే ఉంటుంది. కొత్త టైరని చెప్పి, 2019లో తయారైన టైరు నా బండికి ఎక్కించాడు. అడిగితే అందరి ముందు నవ్వాడు. డబ్బు ఇంకా వెనక్కి రాలేదు.

నాది బరువైన బైకు. టైర్ల సైజు ముందు 120/70 జెడ్ఆర్ 17, వెనక 180/55 జెడ్ఆర్ 17. పక్కన పెట్టెలు ఉంటాయి, వెనక నా భార్య కూర్చుంటుంది. పాత వెనక టైరు హైవే మీదే తిరిగి తిరిగి మధ్యలో చదునైపోయింది. మలుపులో బండి వంచితే ఆ చదును అంచు దాటే చోట ఒక్కసారిగా ఒరిగినట్టు అనిపించేది. అరుగుదల గుర్తు దగ్గరికి కూడా వచ్చేసింది కాబట్టి ముందూ వెనకా జతగా మార్చాలనుకున్నాను. మిషెలిన్ రోడ్ 5, రోడ్ 6, పిరెల్లి ఏంజెల్ జీటీ 2, బ్రిడ్జ్‌స్టోన్ టీ32, మెట్జెలర్ రోడ్‌టెక్ 01, అందరూ తిరిగే చుట్టూనే నేనూ తిరిగాను. చివరికి ఏది తీసుకున్నానో చెప్పను. తప్పు టైరు కంపెనీది కాదు, అనవసరంగా దాని పేరు ఇందులోకి రాకూడదు.

ఇక్కడ ఒకటి చెప్పాలి. ఆ సెల్లర్ ఏమీ తెలియని మనిషి కాదు. ఫోన్‌లో చాలాసేపు ఓపిగ్గా మాట్లాడాడు. మధ్యలో గట్టి రబ్బరు, అంచుల్లో మెత్తటి రబ్బరు ఎందుకు వేస్తారో, తడి రోడ్డు మీద పట్టు కోసం రబ్బరులో సిలికా ఎందుకు కలుపుతారో అతనే వివరించాడు. నా బండి బరువు అడిగాడు, ఇద్దరం వెళ్తామా అని అడిగాడు. బరువు బళ్ల కోసం లోపలి పొరలు గట్టిగా చేసిన జీటీ రకం వేరే ఉంటుందని కూడా చెప్పాడు. విషయం తెలిసిన మనిషి దొరికాడని నిజంగా సంతోషపడ్డాను. ఆర్డర్ చేసే ముందు మెసేజ్‌లో తయారీ తేదీ అడిగాను. "ఫ్రెష్ స్టాక్ సార్, టెన్షన్ పడకండి" అని జవాబు వచ్చింది. ఆ మెసేజ్ ఇంకా నా ఫోన్‌లో ఉంది.

ఫిట్టింగ్ రోజున నన్ను ముందు గదిలో కూర్చోబెట్టారు. లోపలికి రానివ్వలేదు, సేఫ్టీ రూల్ అన్నారు. ముందు టైరు తీసుకొచ్చి చూపించారు. దాని మీద కంపెనీ కాగితం స్టిక్కర్ అతికించి ఉంది, టైరు పక్క గోడ మీద తేదీ పోయిన ఏడాదిది. బాగుంది అన్నాను. వెనక టైరు మాత్రం చూపించలేదు. "అదీ సేమ్ బ్యాచ్ సార్, రిమ్ము మీద ఎక్కించేస్తున్నారు" అన్నారు.

బండి బయటికి తెచ్చాక చైను వదులు సరిగ్గా ఉందో లేదో చూద్దామని కిందికి వంగాను. వెనక చక్రం తీసి పెట్టినప్పుడల్లా నేను చూసుకునేది అదే. టార్చి వేస్తే చైను వెనకాల, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ నీడలో, టైరు పక్క గోడ మీద తేదీ ఉండే ఆ చిన్న గడి కనిపించింది. అందులో 3819.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. డీవోటీ అనే అక్షరాల తర్వాత వచ్చే కోడ్‌లో చివరి నాలుగు అంకెలే తయారీ తేదీ. మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 3819 అంటే 2019లో 38వ వారం. ఆరేళ్లు దాటిన టైరు. నేను ఫ్రెష్ స్టాక్ అని నమ్మి డబ్బు కట్టిన టైరు.

ఫిట్టింగ్ చేసిన కుర్రాణ్ణి పిలిచి చూపించాను. అతను అంకెల వైపు చూడనే లేదు, నేరుగా కౌంటర్ వైపు చూశాడు. పాపం, అతనికి ముందే తెలుసని ఆ చూపులోనే తెలిసిపోయింది. అతని మీద నాకు కోపం లేదు.

కౌంటర్ దగ్గరికి వెళ్లి, తేదీ ఇలా ఉందేమిటని మామూలుగానే అడిగాను. గొంతు కూడా పెంచలేదు. అతను కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే, "టైరేమన్నా పాల ప్యాకెట్టా సార్, డేట్ చూసి కొనడానికి?" అన్నాడు. పక్కన కూర్చున్న ఇంకో ఇద్దరు కస్టమర్లు నవ్వారు. వాళ్లు నవ్వారని అతనూ నవ్వాడు.

ఫ్రెష్ స్టాక్ అని మెసేజ్ పెట్టారు కదా అన్నాను. "వాడనిది అంటే ఫ్రెషే కదా సార్. గోడౌన్‌లో నీడలో పెట్టాం. కంపెనీయే పదేళ్లు లైఫ్ అంటుంది" అన్నాడు. మరి మీ పేజీలో పెట్టిన ఫోటోల్లో తేదీ ఎందుకు లేదని అడిగాను. అప్పుడు అతను అన్న మాట నేను మర్చిపోలేను. "తేదీ రెండు వైపులా ఉండదు సార్. ఇన్నేళ్లు బండి నడుపుతున్నారు, ఇది కూడా తెలీదా?"

నాకు తెలుసు. పూర్తి కోడ్ తేదీతో సహా ఒక పక్క గోడ మీదే ఉండొచ్చు, రెండో వైపు తేదీ లేకుండా సగం కోడే ఉండొచ్చు. నాకు తెలియంది ఏమిటంటే, అతనికీ ఆ సంగతి అంత బాగా తెలిసి, తేదీ లేని వైపు తిప్పి ఫోటో తీశాడని. మెసేజ్‌లో నేను పంపమన్న ఫోటో కూడా సరిగ్గా ఆ వైపుదే పంపాడు. ఆ టైరుకు తిరిగే దిశ బాణం ఉంది. బాణం ప్రకారం ఎక్కిస్తే తేదీ ఉన్న వైపు నా బండిలో చైను వెనక్కి పోతుంది. నేను కిందికి వంగి టార్చి వేయకపోతే ఇంటికి వచ్చేసేవాణ్ణి. మరుసటి వారం ఆ టైరు మీద నా భార్యను కూర్చోబెట్టుకుని ఘాట్ రోడ్డు ఎక్కేవాణ్ణి. పొరపాటున పాత టైరు వస్తే మార్చుకుంటాం, పోనీలే అనుకుంటాం. ఇక్కడ కొన్నవాడు చూడకూడదని దాచారు. తేడా అదే.

వెనక్కి తీసుకోమన్నాను. "రిమ్ము ఎక్కిన టైరు వాపసు తీసుకోం. బిల్లు మీదే రాసుంది" అన్నాడు. ఆ బిల్లు నా చేతికి వచ్చింది టైరు ఎక్కించాకే. నా పాత టైరు అప్పటికే బయట తుక్కు టైర్ల కుప్పలో ఉంది. దాన్ని మళ్లీ ఎక్కించుకుని పోదామన్నా కుదరదు. చివరికి ఒక ఆఫర్ ఇచ్చాడు. వేరే కంపెనీ టైరు వెనక వేస్తాడట, తేడా డబ్బు నేను కట్టాలట. ముందొక కంపెనీ, వెనకొక కంపెనీ వద్దనే కదా జతగా కొన్నది! ఒకే మోడల్ జతగా వేస్తేనే బండి వంగే తీరు ముందూ వెనకా ఒకలా ఉంటుందని ఫోన్‌లో నాకు చెప్పింది అతనే.

ఆ పదేళ్ల మాట గురించి కొంచెం రాయాలి, ఎందుకంటే మీకూ అదే చెప్తాడు. తయారైన తేదీ నుంచి పదేళ్లు దాటితే చూడ్డానికి బాగున్నా టైరు మార్చేయమని కంపెనీలు చెప్పే మాట నిజమే. కానీ అది ఆఖరి హద్దు. పదేళ్ల వరకు కొత్త టైరుగా అమ్ముకోవచ్చని దాని అర్థం కాదు. ఐదేళ్లు వాడిన టైరును ఏటా తెలిసినవాళ్లకు చూపించమని కూడా కంపెనీలే చెప్తాయి, ఆ ముక్క అతని నోట రాలేదు. ఆ పదేళ్లలో సగానికి పైగా అతని గోడౌన్‌లోనే అయిపోయాయి. మిగిలిన కొద్ది కాలానికి నేను పూర్తి ధర కట్టాను.

పైగా రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్, ఎండ, వేడి అన్నీ కలిసి దాన్ని గట్టిపరుస్తాయి. పగుళ్లు రాకుండా రబ్బరులో మైనం లాంటి రక్షణ పదార్థాలు కలుపుతారు. టైరు తిరుగుతూ నలుగుతుంటే అవి పైకి వచ్చి కాపాడతాయి. కదలకుండా పడున్న టైరుకు ఆ మేలు తక్కువ. గట్టిపడ్డ రబ్బరు కంటికి కనిపించదు. ట్రెడ్, అంటే రోడ్డుకు తగిలే భాగం, నిండుగా ఉంటుంది, గాడులు లోతుగా ఉంటాయి, నల్లగా మెరుస్తుంది. పట్టు తగ్గిందని తెలిసేది చల్లటి ఉదయం, తడి రోడ్డు మీద, బండి వంచినప్పుడు. మనం స్పోర్ట్ టూరింగ్ టైరు కొనేదే ఆ తడి రోడ్డు కోసం.

ఇంకో విషయం ఇంటికి వచ్చాక పగటి వెలుతురులో చూస్తే తెలిసింది. వెనక టైరు ట్రెడ్ మీద కూడా పాలిష్ కొట్టారు. పక్క గోడల మీద కొట్టినా అర్థం చేసుకుంటాను. రోడ్డుకు తగిలే చోట జారే పదార్థం పూసి ఒక మనిషిని బండి ఎక్కించి పంపడం ఎలాంటి పని? కొత్త టైరు పైపొరే నున్నగా ఉంటుంది, మొదటి 150 కిలోమీటర్ల దాకా మెల్లగా వంచుతూ నడపమని కంపెనీలే చెప్తాయి. దాని మీద పాలిష్. ఫోన్ చేసి అడిగితే "లుక్ కోసం సార్" అన్నాడు. తర్వాత నా నంబర్ బ్లాక్ చేశాడు.

ఇప్పుడు ఆ టైరు వేరే చోట విప్పించి ఇంట్లో పెట్టాను. విప్పడానికి ఒకసారి, ఇంకో టైరు ఎక్కించి బ్యాలెన్సింగ్ చేయించడానికి ఒకసారి, డబ్బు మళ్లీ కట్టాను. విప్పినవాళ్లు ఏమీ అడక్కుండానే మొదట తేదీ చూశారు, తర్వాత గోరుతో నొక్కి చూసి తల అడ్డంగా ఊపారు. కార్డు బ్యాంకులో ఫిర్యాదు పెట్టాను. మెసేజ్, పేజీలోని ఫోటో, 3819 ఫోటో, బిల్లు అన్నీ జత చేశాను. పేజీలోని ఫోటో నేను ముందే సేవ్ చేసుకోవడం మంచిదైంది, ఎందుకంటే ఇప్పుడు అక్కడ ఆ ఫోటో లేదు. కంపెనీ బొమ్మ పెట్టాడు.

టైరు మార్చబోతున్నవాళ్లకు నాలుగు ముక్కలు. రెండు టైర్ల తేదీ గడి ఫోటోలు విడివిడిగా అడగండి. ఒకటి చూపించి రెండోదీ అంతే అంటే ఒప్పుకోకండి. "ఫ్రెష్" అనే మాట వద్దు, నాలుగు అంకెలు రాసి పంపమనండి. రిమ్ము మీద ఎక్కించే ముందు మీ చేత్తో టైరు రెండు వైపులా తిప్పి చూడండి. లోపలికి రానివ్వకపోతే టైరును బయటికి తెప్పించుకోండి, అదీ కుదరదంటే వచ్చేయండి. వాపసు షరతులు డబ్బు కట్టే ముందే అడగండి. సైజుతో పాటు బరువు అంకె, వేగం అక్షరం మీ బండి పుస్తకంలో ఉన్నవాటి కంటే తక్కువ కాకుండా చూసుకోండి. నా వెనక టైరుకు అది 73డబ్ల్యు, అంటే 365 కిలోల దాకా మోయగలదు. ఇది మాత్రం అతను సరిగ్గానే ఇచ్చాడు.

ఒకటి రెండేళ్ల నాటి టైరు, నీడలో సరిగ్గా నిలవ ఉంచింది, తేదీ ముందే చెప్పి ధర తగ్గించి ఇస్తే తీసుకోవడంలో తప్పులేదు. నేను కూడా తీసుకుంటాను. చెప్పి అమ్మాలి, అంతే.

అతని దగ్గర ఈ మధ్య వెనక టైరు వేయించుకున్నవాళ్లుంటే దయచేసి ఆలస్యం చేయకండి. వెనక చక్రం నేల నుంచి లేచేలా బండి స్టాండ్ వేసి, న్యూట్రల్లో పెట్టి, చక్రం మెల్లగా చేత్తో తిప్పుతూ చైను వైపు టార్చి వేసి చూడండి. ఇంజిన్ మాత్రం ఆపేసి ఉంచండి, చైను దగ్గర వేళ్లు పెట్టకండి. తేదీ పాతదైతే ఫోటో తీసి, బిల్లుతో సహా దాచుకుని, నాలాగే ఫిర్యాదు పెట్టండి. నా ఒక్కడి ఫిర్యాదే ఉంటే పొరపాటు అని తప్పించుకుంటాడు. బ్యాంకు నుంచి జవాబు రాగానే ఇక్కడే రాస్తాను.