స్మారక్ యాప్, ఎన్‌ఎంఏ ఎన్‌ఓసీ పోర్టల్: ప్రభుత్వ పనులకు ఎంతవరకు అక్కరకొస్తాయి?

కేంద్ర పురావస్తు శాఖ (ఏఎస్‌ఐ) రక్షణలో ఉన్న కట్టడానికి దగ్గర్లో బడి గది కట్టాలన్నా, కమ్యూనిటీ హాలు లేపాలన్నా, పీహెచ్‌సీకి పై అంతస్తు వేయాలన్నా నేషనల్ మాన్యుమెంట్స్ అథారిటీ (ఎన్‌ఎంఏ) ఎన్‌ఓసీ, అంటే నిరభ్యంతర పత్రం, తప్పనిసరి. దానికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసే పోర్టల్ నోయాప్స్. స్థలానికీ కట్టడానికీ దూరం చూపే మొబైల్ యాప్ స్మారక్. ఒకటి లేకుండా రెండోది సగమే పనిచేస్తుంది కాబట్టి రెండింటినీ ఒకే సేవగా చూసి రాస్తున్నాం.

మా అంచనా ముందే చెప్పేస్తాం. స్థలం ఏ పరిధిలో పడుతుందో ఎస్టిమేట్ వేయకముందే ఒక అవగాహనకు రావడానికి ఇది చాలా మంచి సేవ. కానీ ప్రభుత్వ నిధులతో జరిగే పనిని ఇది తనంతట తాను ఆపి అడగదు. అడగాల్సింది ఎస్టిమేట్ తయారుచేసే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు), దాన్ని పరిశీలించే డీఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు). ఐదుకు మూడున్నర మార్కులు ఇస్తాం. తగ్గిన ఒకటిన్నరా ఈ కారణానికే.

చట్టం సంగతి క్లుప్తంగా. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత హద్దు నుంచి అన్ని వైపులా 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. నియంత్రిత ప్రాంతంలో అనుమతి తీసుకుని కట్టొచ్చు. నిషేధిత ప్రాంతంలో కొత్త నిర్మాణం కుదరదు. "ఇది ప్రజల కోసం చేసే పని, సర్కారు పని" అన్న వాదన ఇక్కడ నిలవదు. పబ్లిక్ వర్క్స్‌కు కూడా అనుమతి ఇవ్వకూడదని సెక్షన్ 20ఏలోనే స్పష్టంగా ఉంది. దాన్ని సడలించే బిల్లు 2018 జనవరిలో లోక్‌సభ దాటినా, రాజ్యసభలో సెలెక్ట్ కమిటీకి వెళ్లింది, చట్టం కాలేదు. ఆ వార్త చదివి సడలింపు వచ్చేసిందనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. ఉల్లంఘిస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. నియంత్రిత ప్రాంతంలో అనుమతి లేకుండా కట్టినా ఇదే శిక్ష.

ప్రభుత్వ పనులే ఎక్కువగా ఎందుకు ఇరుక్కుంటాయి? సొంతిల్లు కట్టుకునే మనిషి మున్సిపాలిటీకి ప్లాన్ పెడతాడు, అక్కడ ఎన్‌ఓసీ అడుగుతారు. ప్రభుత్వ పని చాలాసార్లు ఆ దారిలో వెళ్లదు. పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి, టెండరు, అగ్రిమెంటు, సైటు అప్పగింత అన్నీ అయిపోతాయి. ఈ మెట్లలో ఎక్కడా "మూడు వందల మీటర్లలో రక్షిత కట్టడం ఉందా" అన్న ప్రశ్న ఎదురు కాదు. పునాదులు తీశాక ఏఎస్‌ఐ స్థానిక కార్యాలయమైన సబ్‌సర్కిల్ నుంచి పని ఆపమని నోటీసు వస్తుంది. అప్పటికి కాంట్రాక్టరు సెంట్రింగు సామాను దించి ఉంటాడు, గడువు పొడిగింపు అడుగుతాడు, ధరల తేడా అడుగుతాడు. మార్చి 31 దాటితే నిధులు మురిగిపోతాయి. వారసత్వ నగరాల కోసం కేంద్రం తెచ్చి, 2019లో ముగించిన హృదయ్ పథకంలో వరంగల్, అమరావతి రెండూ ఉండేవి. అలాంటి పథకాల డబ్బు వచ్చి పడేదే చారిత్రక కట్టడాల చుట్టుపక్కల.

ఇక సేవ విషయానికొద్దాం. నోయాప్స్ 2015లో ఢిల్లీలోని ఐదు స్థానిక సంస్థలతో, ముంబైలో ఒకదానితో మొదలైంది. 2019 డిసెంబరులో మరో ఆరు రాష్ట్రాలకు విస్తరించినప్పుడు తెలంగాణ కూడా అందులో చేరింది. స్మారక్ ఇస్రో తయారుచేసింది. ఫోను పట్టుకుని స్థలం దగ్గర నిలబడితే అక్షాంశ రేఖాంశాలు, ఫొటోలు, దగ్గర్లోని రక్షిత కట్టడానికి సుమారు దూరం నమోదై పోర్టల్‌కు చేరతాయి. ఒకప్పుడు ఈ దూరం దగ్గరే ఫైళ్లు నెలలు ఆగేవి. దరఖాస్తుదారు ఒక అంకె రాస్తే, తనిఖీకి వచ్చినవారు ఇంకో అంకె రాసేవారు. ఇప్పుడు మాట్లాడుకోవడానికి ఇద్దరి ముందూ ఒకే పటం ఉంది.

అయితే "సుమారు" అన్న మాటను మరవొద్దు. ఫోను జీపీఎస్ ఆరుబయట కూడా ఐదు నుంచి పది మీటర్లు అటూ ఇటూ చూపుతుంది. కోట గోడల పక్కన, ఇరుకు గల్లీల్లో ఇంకా తప్పుతుంది. స్థలం మధ్యలో నిలబడి ఒకే రీడింగు తీయడం మామూలుగా జరిగే పొరపాటు. తీయాల్సింది నాలుగు మూలల్లో, ముఖ్యంగా కట్టడానికి దగ్గరగా ఉన్న మూలలో. రీడింగు 90 నుంచి 110 మీటర్ల మధ్య, లేదా 290 నుంచి 310 మధ్య వస్తే దాన్ని వదిలేసి టోటల్ స్టేషన్ లేదా డీజీపీఎస్ సర్వే (ఫోను కన్నా చాలా కచ్చితంగా కొలిచే సర్వే పరికరాలతో) చేయించాలి. ఆ ఖర్చు ఎస్టిమేట్‌లో పెట్టుకోవచ్చు. పని ఆగితే పోయే డబ్బుతో పోలిస్తే అది చాలా చిన్న మొత్తం.

దూరం ఎక్కడి నుంచి కొలవాలన్నది ఇంకా పెద్ద చిక్కు. గోపురం నుంచో గర్భగుడి నుంచో కాదు, గెజిట్ నోటిఫికేషన్‌లో చూపిన రక్షిత హద్దు నుంచి కొలవాలి. ఉదాహరణకు గుడి గోడ నుంచి మీ స్థలం 128 మీటర్లు ఉందనుకోండి. రక్షిత హద్దు ఆ గోడ దాటి ఇంకా 35 మీటర్లు ముందుకు ఉంటే అసలు దూరం 93 మీటర్లే. అంటే కట్టవచ్చనుకున్న గది కట్టకూడని గది అయిపోయింది. పాత నోటిఫికేషన్లలో ఉండేవి పాత సర్వే నంబర్లు, వాటికి తర్వాత బై నంబర్లు (విడగొట్టిన ఉప నంబర్లు) పడి ఉంటాయి. తెలంగాణలో టిప్పన్, గ్రామ నక్షా, ఆంధ్రలో ఎఫ్‌ఎంబీ అనే భూకొలతల పటాలు తీయించి, మండల సర్వేయరు సంతకంతో హద్దును ఇప్పటి నంబర్ల మీద గీయించుకోవాలి. వరంగల్ కోట, గోల్కొండ లాంటి చోట్ల దీనికి మరింత సమయం పెట్టుకోవాలి. కంటికి కనిపించే గోడే హద్దు అనుకుంటే అక్కడ కచ్చితంగా దెబ్బతింటారు.

దరఖాస్తులో ఎక్కువ ఫైళ్లు వెనక్కి వచ్చేది ఎత్తు దగ్గర. ఎన్‌ఎంఏ సాధారణంగా ఎత్తును అన్నీ కలిపి చూస్తుంది. మెట్ల గది, పిట్టగోడ, నీళ్ల ట్యాంకు అన్నీ అందులోకే వస్తాయి. జీ ప్లస్ 2 ఆరోగ్య కేంద్రానికి పై శ్లాబు 10.8 మీటర్ల దగ్గర ఉందనుకుందాం. దాని మీద మెట్ల గది 2.4 మీటర్లు, అంటే 13.2. ఆ గది మీద ట్యాంకు, దాని దిమ్మెతో కలిపి 1.5 మీటర్లు, అంటే 14.7. దరఖాస్తులో 10.8 అని రాసి అనుమతి తెచ్చుకుంటే, ట్యాంకు ఎక్కించిన రోజే భవనం నిబంధన దాటినట్టు. స్ట్రక్చరల్ డ్రాయింగులో ఒక ఎత్తు, ఎలివేషన్‌లో ఇంకో ఎత్తు, ఫారంలో మూడో ఎత్తు ఉండే ఫైళ్లకు లెక్కలేదు. ఏ నేలమట్టం నుంచి కొలిచారో కూడా సెక్షన్ డ్రాయింగు మీద రాయండి, రోడ్డు మట్టమా, సహజ నేలమట్టమా అని. ట్యాంకును మెట్ల గది మీద కాక శ్లాబు మీదకు దించితే ఒకటిన్నర మీటరు కలిసొస్తుంది. ఈ మార్పు డిజైన్ దశలో ఉచితం, శ్లాబు పోశాక కాదు. సెల్లార్ ఉంటే దాని లోతు, అంతస్తుల వారీ వైశాల్యం, చుట్టుపక్కల ఉన్న భవనాల ఎత్తులు, నాలుగు వైపుల ఫొటోలు సిద్ధంగా ఉంచుకుంటే కొర్రీలు తగ్గుతాయి.

నిషేధిత ప్రాంతంలో ఉన్న పాత ప్రభుత్వ భవనం సంగతి ఏమిటి? 1992 జూన్ 16కు ముందే ఉన్న భవనానికి మరమ్మతు, పునరుద్ధరణ చేసుకోవచ్చు, దానికీ అనుమతి కావాలి. ఆ తేదీకి ముందు ఉందని చూపడానికి ప్రైవేటు మనిషి దగ్గర ఇంటిపన్ను రసీదు ఉంటుంది. సర్కారు బడికి అదీ ఉండదు. ఆస్తుల రిజిస్టరు, పాత ఎంబుక్ (పనుల కొలతల పుస్తకం) కాపీ, అప్పటి కరెంటు కనెక్షన్ రికార్డు, బడి ప్రారంభించిన సంవత్సరం ఉన్న శాఖ ఉత్తర్వు వెతికి పెట్టాలి. ఆంధ్రలో గతంలో నడిచిన నాడు-నేడు, తెలంగాణలో నడిచిన మన ఊరు-మన బడి లాంటి బడుల బాగు పథకాల ఎస్టిమేట్లలో పైకప్పు లీకేజీ, ఫ్లోరింగు, కిటికీలు, అదనపు తరగతి గది అన్నీ ఒకే పనిగా కలిపేస్తారు. వంద మీటర్ల లోపల ఉన్న బడికి అలా కలపకూడదు. మొదటి మూడూ మరమ్మతు, నాలుగోది కొత్త నిర్మాణం. ఆ ఒక్క గది వల్ల మొత్తం దరఖాస్తు తిరస్కరణకు గురవుతుంది. గదిని వేరే ఎస్టిమేట్‌గా తీసి, హద్దు అవతల స్థలం చూడటం ఒక్కటే దారి.

'నిర్మాణం' అన్న మాటకు చట్టం ఇచ్చిన నిర్వచనం చదవని ఇంజినీరు అక్కర్లేని చోట భయపడతాడు, భయపడాల్సిన చోట ధైర్యం చేస్తాడు. మురుగు కాల్వలు, ప్రజా మరుగుదొడ్లు, ప్రజలకు మంచినీటి సరఫరా పనులు, విద్యుత్ సరఫరా పనులు, ఇలాంటి సదుపాయాలు ఆ నిర్వచనంలోకి రావు. పూరీ జగన్నాథ ఆలయం చుట్టూ ఒడిశా ప్రభుత్వం చేపట్టిన పరిక్రమ ప్రాజెక్టు కేసులో సుప్రీంకోర్టు 2022 జూన్ 3న ఈ నిర్వచనం మీదే ఆధారపడింది. క్లోక్‌రూమ్, మరుగుదొడ్లు, నీడ మండపం లాంటివి భక్తుల కనీస సదుపాయాలని చెప్పి పిటిషన్లు కొట్టేసింది. ఆ ప్రాజెక్టుకు 2021 సెప్టెంబరులో ఎన్‌ఎంఏ ఎన్‌ఓసీ ఉందన్న సంగతీ గుర్తుంచుకోవాలి. కాబట్టి మిషన్ భగీరథ పైపులైనైనా, వీధి దీపాలైనా "నిర్వచనంలో లేదు" అని మీకు మీరే తీర్పు చెప్పుకోకుండా కాంపిటెంట్ అథారిటీ (దరఖాస్తులు తీసుకుని అనుమతి ఉత్తర్వులిచ్చే అధికారి) నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. రక్షిత హద్దు లోపల గజం తవ్వాలన్నా అది పూర్తిగా వేరే అనుమతి. ఈ పోర్టల్ దారి కాదు.

గడువుల లెక్క ఇలా ఉంటుంది. దరఖాస్తు అందిన 15 రోజుల్లో కాంపిటెంట్ అథారిటీ దాన్ని ఎన్‌ఎంఏకు పంపాలి, ఎన్‌ఎంఏ రెండు నెలల్లో తన సిఫారసు చెప్పాలి, ఆపైన నెలలోపు అథారిటీ ఉత్తర్వు ఇవ్వాలి. మొత్తం మూడున్నర నెలలు. గడువు దాటితే అనుమతి ఇచ్చినట్టే అన్న నిబంధన ఇక్కడ లేదు, భవన అనుమతుల అలవాటుతో అలా అనుకోవద్దు. ఒక్క కొర్రీ పడినా ఇంకో నెల పోతుంది. పని షెడ్యూలులో ఐదు నెలలు వేసుకుని, పరిపాలనా అనుమతి రాగానే దరఖాస్తు పెట్టేయాలి. ఎన్‌ఓసీ వచ్చేలోపు టెండరు పిలవక తప్పకపోతే, రోడ్డు లాంటి పొడవాటి పనుల్లో ఏ చైనేజీ (రోడ్డు మొదటి నుంచి కొలిచిన దూరం) నుంచి ఏ చైనేజీ వరకు నియంత్రిత ప్రాంతమో టెండరు షెడ్యూలులోనే చూపి, ఎన్‌ఓసీ వచ్చాకే ఆ భాగం అప్పగిస్తామని రాయాలి.

ఎన్‌ఓసీ చేతికొచ్చాక షరతులు చదవనివాళ్లే ఎక్కువ. తవ్వకం ఏఎస్‌ఐ పర్యవేక్షణలో జరగాలన్న షరతు ఉంటే, తేదీ ముందుగా రాతలో తెలపాలి. అమరావతి, ధరణికోట లాంటి చోట్ల అడుగు లోతులోనే పాత ఇటుక, పెంకులు తగలొచ్చు. ఏదైనా బయటపడితే జేసీబీ ఆపాలి, తీసినదాన్ని పక్కన పోయకుండా ఉన్నచోటే ఉంచాలి, ఫొటో తీసి ఏఎస్‌ఐకి తెలపాలి. నాణేలు, విలువైన వస్తువులైతే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం కింద కలెక్టరుకు చెప్పడం తప్పనిసరి. ఈ నాలుగు మాటలు అగ్రిమెంటులో షరతుగా ఉండాలి. జేసీబీ డ్రైవరుకు నోటితో కూడా చెప్పాలి, బకెట్ మట్టిలో దింపేది అతనే.

ఈ సేవ చూపించనివి కూడా ఉన్నాయి. స్మారక్‌లో దగ్గర్లో ఏదీ లేదని వచ్చిందంటే కేంద్ర రక్షిత కట్టడం లేదని మాత్రమే అర్థం. తెలంగాణలో అలాంటివి ఎనిమిదే. రాష్ట్ర రక్షణలో ఉన్నవి వేరే, వాటికి తెలంగాణలో 2017 వారసత్వ చట్టం, ఆంధ్రలో 1960 చట్టం ఉన్నాయి. హైదరాబాద్ ఎర్రమంజిల్ భవనాన్ని కూల్చి కొత్త అసెంబ్లీ కట్టాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది; అది ఏఎస్‌ఐ కట్టడం కాదు. 2021లో యునెస్కో జాబితాకెక్కిన రామప్ప దగ్గరైతే 300 మీటర్ల గీతతో పని అయిపోదు, బఫర్ జోన్ (చుట్టూ ఉన్న అదనపు రక్షణ ప్రాంతం) పటం విడిగా చూడాలి. ప్రపంచ బ్యాంకు రుణంతో జరిగే పనులకు వాళ్ల సాంస్కృతిక వారసత్వ ప్రమాణం అదనం.

ఈ సేవకు కావలసిన మార్పు ఒక్కటే. ప్రభుత్వ శాఖల ఎస్టిమేట్, టెండరు సాఫ్ట్‌వేర్‌లో స్మారక్ దూరం నింపే గడి ఒకటి పెట్టి, అది ఖాళీగా ఉంటే సాంకేతిక అనుమతి ముందుకు కదలకుండా చేయాలి. అది వచ్చేదాకా నాలుగు మూలల రీడింగులు, సర్వేయరు సంతకం చేసిన స్కెచ్, నోటిఫికేషన్ కాపీ, ఈ మూడింటినీ ఎస్టిమేట్ రిపోర్టు వెనక జతచేసి పంపండి. జతచేయని ఎస్టిమేట్‌ను డీఈ వెనక్కి పంపాలి.