నవ్వించిన మనిషి మీద సంస్మరణ సంచిక: నల్లగొండలో ఒక ప్రెస్ చేసిన పని ఎలా ఉంది?

క్లాక్‌టవర్‌కు దగ్గర్లోని ఒక ప్రెస్‌లో వేసిన సంస్మరణ సంచిక ఇది. కార్మిక శాఖలో యాజమాన్యాలకూ యూనియన్లకూ మధ్య రాజీ చర్చలు నడిపి రిటైరైన పెద్దమనిషి సంవత్సరీకానికి ఇంటివాళ్లు వేయించారు. ఏ5 సైజు, 32 పేజీలు, 300 కాపీలు. ప్రెస్ పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పే తప్పులు ఏ డీటీపీ సెంటర్‌లోనైనా జరిగేవే.

ముందు మంచి మాట. కాగితం, అచ్చు, బైండింగ్ దాదాపు వంక పెట్టడానికి లేవు. లోపల 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల్లో బరువు) మ్యాప్‌లితో వాడారు. 70 వేసి ఉంటే వెనక పేజీ ఫొటో ఇవతలికి మచ్చలా తేలేది. కవర్ 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు, మ్యాట్ లామినేషన్. మడత దగ్గర రంగు పగల్లేదంటే గీత వేసి, అంటే క్రీజింగ్ చేసి, మడిచారన్నమాట. చాలాచోట్ల ఈ పని ఎగ్గొడతారు, నాలుగు చేతులు మారేసరికి పుస్తకం వెన్ను మీద తెల్లగా పొలుసులు లేస్తాయి. మధ్యలో రెండు పిన్నులు, రెండూ సూటిగా మడత మీదనే పడ్డాయి. 300 కాపీలే కాబట్టి డిజిటల్ ప్రింట్ చేశారు, సరైన పనే. ప్లేట్లు చేయించి ఆఫ్‌సెట్‌కు పోవడం ఏ ఐదొందలో దాటితే తప్ప గిట్టుబాటు కాదు. పిన్ను బైండింగ్‌లో పేజీలు నాలుగు చొప్పునే పెరుగుతాయి. 34 పేజీల మ్యాటర్ తెస్తే రెండు కొట్టేయాలి, లేదంటే ఇంకో రెండు రాయించుకోవాలి.

ఇబ్బందంతా అక్షరాల దగ్గర వచ్చింది.

ఇంటివాళ్లు ఫోన్లలో యూనికోడ్‌లో టైపు చేసి పంపారు. ప్రెస్‌లో ఇంకా యూనికోడ్‌కు పొసగని పాత అను ఫాంట్లు, పేజీలు కట్టే పేజ్‌మేకరే. మ్యాటర్‌ను కన్వర్టర్‌లో వేసి మార్చారు. మార్పిడిలో 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో పొల్లులు విరిగాయి, మధ్యలో ఉన్న ఇంగ్లిషు పొట్టి పేర్లు అర్థంలేని తెలుగు గుర్తులైపోయాయి. విరిగినచోటల్లా ఆపరేటర్ మళ్లీ చేత్తో కొట్టాడు. మామూలు వ్యాసమైతే చదివేవాళ్లు సర్దుకుపోతారు. చమత్కారం అలా కాదు, ఒక్క ఒత్తు మీద నిలబడి ఉంటుంది.

ఆయన మాటగా ఇంటివాళ్లు రాసిచ్చింది ఇది: "చర్చ సల్లవడితే చర్య మొదలైతది, అందుకే చాయ్ వేడిగుండాలె." ప్రూఫులో, అంటే దిద్దడానికి తీసిన నమూనా అచ్చులో, రెండుచోట్లా 'చర్య' అనే వచ్చింది. చ ఒత్తు పోయి య ఒత్తు కూర్చునేసరికి మాటలో ఏమీ మిగల్లేదు. దీన్ని ప్రూఫులో పట్టుకున్నారు. పట్టుకోనిది 11వ పేజీలోది. అప్పటి బోనస్ చట్టం (1965) ప్రకారం కనీస బోనస్ 8.33 శాతం, గరిష్ఠం 20 ఉండేది. 8.33 అంటే పన్నెండో వంతు, ఏడాదికి ఒక నెల జీతం. ఇంట్లో బూరెలు చేసిన రోజు ఆయన అనే మాట: "పన్నెండు బూరెలల్ల నాకొక్కటే పెట్టిన్రు. మీ అమ్మ చట్టం తప్పది, సరిగ్గ 8.33 శాతం." అచ్చులో చుక్క ఎగిరిపోయి 833 శాతం అయింది. ఒక్క చుక్కతో పాపం ఆవిడ వంద బూరెలు పెట్టినట్టయింది.

ఇక్కడ ప్రెస్‌ను మెచ్చుకోవాలి. అప్పటికింకా పిన్ను కొట్టలేదు. 32 పేజీల పుస్తకంలో 11, 12, 21, 22 పేజీలు ఒకే ఏ4 షీటు మీద ఉంటాయి. ఆ ఒక్క షీటే 300 మళ్లీ తీసి మార్చారు, పైసా అడగలేదు. పిన్ను పడ్డాక చూసి ఉంటే సవరణ చీటీ అంటించుకోవడమే గతి.

అందుకే ఈ పని ఇచ్చేవాళ్లు ప్రూఫును ఫోన్‌లో పీడీఎఫ్‌గా చూసి 'ఓకే' కొట్టొద్దు. కాగితం మీద తీయించుకోండి. ఒకరు అసలు మ్యాటర్ పైకి చదవాలి, ఇంకొకరు ప్రూఫు మీద వేలు పెట్టి చూడాలి. ఆ రెండో మనిషి ఇంటివాళ్లు కాకపోతే మేలు. జోకు ముందే తెలిసినవాళ్లు తప్పును కూడా ఒప్పుగానే చదివేస్తారు. అంకెల కోసం విడిగా ఇంకోసారి తిప్పండి. ఈ సంచికలో 12(3) అన్న సెక్షన్ నంబరు ఒకచోట 123 అయింది. కార్మిక శాఖ వాళ్లూ యూనియన్ నాయకులూ చదివే పుస్తకంలో అది ముందుగా కంట్లో పడుతుంది.

ఆ 12(3) సంగతి 21వ పేజీలో ఉంది, సంచికకంతా అదే నిండుదనం. మనవలు టీవీ రిమోట్ కోసం కొట్టుకుంటుంటే నోట్‌బుక్ కాగితం మీద ఆయన రాసిన ఒప్పందం: ఎవరికి ఏ గంట, నానమ్మ రాజీ అధికారి, కింద అందరి వేలిముద్రలు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో 18(1) కింద విడిగా చేసుకున్న ఒప్పందం సంతకం పెట్టిన పక్షాలకే వర్తించేది. రాజీ అధికారి ముందు 12(3) కింద కుదిరింది మాత్రం తర్వాత కొలువులో చేరేవాళ్లనూ కట్టేసేది. ఆ కాగితం చివరి వరుస: "ఇది 12(3), రేపు పుట్టే మనవనికి గూడ వర్తిస్తది." చట్టం తెలిసినవాళ్లు ఈ పేజీ దగ్గర ఆగిపోతారు. తెలియనివాళ్ల కోసం కింద రెండు వాక్యాల వివరణ వేయించడం తెలివైన పని.

ఆ కాగితాన్ని మొదట బ్లాక్ అండ్ వైట్‌లో స్కాన్ చేశారు. నీలం బాల్‌పెన్ను గీతలు అక్కడక్కడా మాయమయ్యాయి. చేతిరాతను ఎప్పుడూ రంగులోనో గ్రేస్కేల్‌లోనో 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయించి, ఆ తర్వాత కాంట్రాస్టు పెంచాలి. జిరాక్సు కాపీ ఇవ్వకండి. ఫొటోలకూ ఇదే కథ. పాస్‌పోర్ట్ ఫొటోను 600 డీపీఐలో తీస్తే దాదాపు రెండింతలు పెంచి వేసుకోవచ్చు, అంతకు మించితే మసకే. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపాలి. మిర్యాలగూడ రైసు మిల్లుల హమాలీ రేట్ల చర్చల నాటి గ్రూపు ఫొటో మామూలుగా పంపేసరికి వెనక వరుసలో ముఖాలు ముద్దముద్దగా పడ్డాయి. ఆ పేజీలో పాత ఒప్పందం నకలు కూడా ఉంది. కూలీల పేర్లు, సంతకాలు కనబడకుండా మూశారు, బాగుంది.

వరుసల మధ్య జాగా గురించి ఒక మాట. 12 పాయింట్ల తెలుగుకు 14 పాయింట్ల లైను ఇస్తే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులను తాకుతాయి. 17 అడిగి తీసుకున్నారు, ముసలివాళ్లు కూడా తేలిగ్గా చదవగలుగుతున్నారు. పేజీలు పెరుగుతాయని ఆపరేటర్ సణిగాడు. పెరిగింది నాలుగు పేజీలే.

పడనిది రెడీమేడ్ డిజైను. మొదటి ప్రూఫులో ప్రతి పేజీ మూలన దీపం, పావురం, లోపలి కవర్ మీద అందరికీ వేసే కన్నీటి కవిత. పక్కవాణ్ణి నవ్వించకుండా కూర్చోలేని మనిషి పుస్తకానికి అదేం ముఖం? ఇంటివాళ్లు తీయించి, ఆయన పళ్లు కనబడేలా నవ్వుతున్న ఫొటో ఒక్కటి పెట్టించారు. పని ఇచ్చేటప్పుడే 'మీ డిజైను వద్దు' అని చెప్పకపోతే ఇలా ఒక ప్రూఫు దండగవుతుంది.

రేటు కాగితం ధరను బట్టి మారుతుంది కాబట్టి అంకె ఇక్కడ రాయడం లేదు. కొటేషన్‌లో మాత్రం డీటీపీ పేజీకి ఎంత, ఎన్ని ప్రూఫుల దాకా దిద్దుబాటు ఉచితం, లామినేషన్, క్రీజింగ్ కలిపేనా అన్నవి విడివిడిగా రాయించుకోండి. ఈ ప్రెస్ రెండు ప్రూఫుల వరకు డబ్బులు తీసుకోలేదు. తేదీకి ఒకరోజు ముందే ఇచ్చింది. కట్టలు విప్పి చూస్తే ఏడు కాపీల్లో మధ్య షీటు తలకిందులుగా ఉంది. వాటికి బదులు అక్కడికక్కడే వేరేవి కుట్టి ఇచ్చారు.