వెతికి చెప్పే ఏఐ, నా పచ్చడి లేబుల్

హనుమకొండలో ఇంట్లోనే పచ్చళ్లు పట్టి అమ్ముతాను. ఫోనులోని ఏఐ చాట్‌లో ఇంటర్నెట్ వెతికి జవాబు చెప్పే సదుపాయాన్ని నిరుడు దసరా నుంచి వాడుతున్నాను, ఉచిత ఖాతాతోనే. నాలాంటి చిన్న వ్యాపారులు దీన్ని తప్పక నేర్చుకోవాలని నా అభిప్రాయం. అయితే ఎలా వాడాలో కూడా చెప్పాలి.

మా పండుమిర్చి పచ్చడికి చపాటా మిర్చి వాడతాం. టమాటాలా గుండ్రంగా ఉంటుంది. రంగు బాగా దిగుతుంది, కారం తక్కువ. దీనికి భౌగోళిక గుర్తింపు (ఫలానా ప్రాంతపు పంట అని ఇచ్చే జీఐ ట్యాగ్) వచ్చిందా అని అడిగితే, వెతికే మీట ఆపి ఉన్నప్పుడు రాలేదని గట్టిగా చెప్పింది. మీట నొక్కి అదే ప్రశ్న వేస్తే 2025లో వచ్చిందని, దరఖాస్తు చేసింది తిమ్మంపేట మిర్చి రైతుల ఉత్పత్తిదారుల సంస్థ అని లింకులతో సహా చూపించింది. వెతకనప్పుడు అది తనకు నేర్పిన పాత సమాచారం నుంచే మాట్లాడుతుంది. ఆ నేర్పడం ఏదో ఒక తేదీ దగ్గర ఆగిపోయి ఉంటుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం తప్పులు తప్పుతాయి.

మిగతా సగం నాకు లేబుల్ దగ్గర తెలిసింది. ఆ గుర్తును నా సీసాల మీద వేసుకోవచ్చా అని అడిగాను. నిరభ్యంతరంగా వేసుకోవచ్చంది, కింద ఒక లింకు కూడా పెట్టింది. రెండు వేల లేబుళ్లు అచ్చు వేయించే ముందు ఆ పేజీ తెరిచి చివరిదాకా చదివాను. పంటకు గుర్తింపు వచ్చినంత మాత్రాన చాలదు, ఆ గుర్తు వాడాలంటే చెన్నైలోని భౌగోళిక గుర్తింపుల రిజిస్ట్రీలో అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి అని అందులోనే ఉంది. తాను చూపించిన పేజీలో ఉన్నదానికే అది విరుద్ధంగా చెప్పింది! జవాబు పక్కన లింకు కనబడగానే మనకు నమ్మకం కలుగుతుంది. నాకు కోపం వచ్చింది అందుకే.

మేడారం తేదీల విషయంలోనూ ఇలాగే జరిగింది. జాతర వారంలో మేము పని ఆపేస్తాం, ఆర్డర్లు ముందే ముగించాలి. నవంబరులో అడిగితే ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు అని చెప్పింది. జాతర మాఘ పౌర్ణమికి దగ్గరగా వస్తుంది, 2026 క్యాలెండర్‌లో ఆ పౌర్ణమి ఫిబ్రవరి 1న ఉంది. అనుమానం వచ్చి లింకు తెరిస్తే అది 2024 నాటి వార్త. ‘2026 జాతర’ అని సంవత్సరం చేర్చి అడిగితే జనవరి 28 నుంచి 31 అని సరిగ్గా చెప్పింది. ఊరి పేర్లతోనూ జాగ్రత్త అవసరం. 2021లో జిల్లా పేరు హనుమకొండగా మారినా, పాత పేజీలు దొరికితే ఇప్పటికీ వరంగల్ అర్బన్ అనే రాస్తుంది.

మన మాటలు దానికి ఇంకా పూర్తిగా అందలేదు. ‘పండుమిర్చి తొక్కు’ నిల్వ గురించి అడిగితే మిరపకాయ పైతోలు గురించి వెతికి పెట్టింది. ‘పచ్చడి’ అంటేనే దారికి వచ్చింది. తెలుగులో అడిగితే నాకు ఎక్కువగా వార్తలే వచ్చాయి. ఇంగ్లీషు పేజీల్లో కూడా వెతికి తెలుగులో చెప్పమంటే ప్రభుత్వ పేజీలు దొరికాయి.

ఐదుకు మూడున్నర ఇస్తాను. ప్రస్తుతానికి నా లేబుల్ మీద ‘చపాటా మిర్చితో పట్టిన పచ్చడి’ అని మాత్రమే ఉంది. నమోదు ఎలాగో కనుక్కోవడానికి వచ్చే వారం ఆ రైతుల సంస్థను కలవబోతున్నాను.